పాస్టరమ్మ గాలి సాధన

నవంబరు 3, సోమవారం

ఇసకకి వాసనేంది, నా తలకాయ!

చెవిలో పెట్టుకున్న ఫోన్లోంచి వనజాక్షి గురుమాత మెత్తగా చెప్తానే ఉంది. "కళ్ళు మూసుకోండి. చెవుల్ని మరిచిపోండి. ఇప్పుడు మీరంటే ముక్కు ఒక్కటే. భూతత్వం వాసనలో ఉంటుంది. పీల్చండి, పిలవండి." పీల్చినా. నిన్న ఎవరో ఆరబెట్టిన కవళ్ళ చేపల కంపు వచ్చింది. భూతత్వం అదేనేమో నాకు తెలీదు.

ఏ రోజుకారోజు ఏం తెలిసిందో రాసుకోవాలంట, ఎవరికీ చూపించకూడదంట. చూపించడానికి నాకేమన్నా పిచ్చా? జీవానందం అయ్యగారి భార్య, సముద్రం ఒడ్డు చర్చి పాస్టరమ్మ, ఫోన్లో పంచభూతాల మాంత్రిక సాధన నేర్చుకుంటా ఉందని తెలిస్తే మా సంఘం ముందు ఆయన్ని సాగనంపుతుంది, నన్ను తర్వాత. నిన్ననే ఆయన మంత్రగాళ్ళకీ సోదె చెప్పేవాళ్ళకీ పరలోకంలో చోటు లేదని గొంతు పోయేట్టు అరిచినాడు. ముందు వరసలో కూర్చొని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

నా తప్పేం లేదు. చింతకాయ పచ్చడి బూజు పట్టకుండా ఎట్టా పెట్టాల్నో వెతుకుతా ఉంటే దాని కింద ఈమె వీడియో వచ్చింది. "మీ అయిదు ఇంద్రియాలు నిద్రపోతున్నాయా?" అని అడిగింది. నన్ను అట్టా అడిగినోళ్ళే లేరు.

సంకల్పం ఒకటి పెట్టుకోమంది. ముందు "ఎలిశబెతమ్మ నోరు పడిపోవాల" అనుకున్నా. సంఘపెద్ద భార్య గాబట్టి ఆమెను నేను పైకేమీ అనలేను. తర్వాత అది తీసేసి "నాకు ఏదో ఒకటి తెలియాల" అని పెట్టుకున్నా. ఇక్కడన్నా నిజం రాసుకోవాల గదా. పెళ్ళై ఈ చర్చికి వచ్చిన కాడ్నించి మోకాళ్ళ మీదే ఉండాను. ప్రార్థనలో అందరికీ వణుకొస్తుంది, కన్నీళ్ళొస్తాయి, దర్శనాలొస్తాయి. నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఇన్నేళ్ళూ అదే.

నవంబరు 4

ఈ రోజు కూడా కవళ్ళే.

నవంబరు 6, గురువారం

వచ్చింది!

తెల్లారుతా ఉండగా చిన్న జల్లు పడి ఆగింది. అల తడిపి వెనక్కి పోయిన చోట మోకాళ్ళేసి, ముఖం ఇసక దాకా వంచినా. మొదట ఉప్పు వాసన. దాని కింద ఇనుము లాంటిది. ఇంకా పీలిస్తే ఏదో చల్లటిది, కొత్త కుండలో పోసిన నీళ్ళ వాసన. అది లోపలికి పోయి కడుపులో కూర్చుంది. నేను ఏడ్చినా. ఎందుకని అడిగేవాళ్ళు లేరు గాబట్టి తృప్తిగా ఏడ్చినా. చర్చిలో ఇన్నేళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని కళ్ళు తుడుచుకున్నట్టు చేసినానే, ఈ రోజు ఆ కొంగు నిజంగా తడిసింది.

లేచి చూద్దును గదా, ఎదురుగా ఎలిశబెతమ్మ! బోట్ల కాడికి చేపలకి పోతా పోతా ఆగిపోయినట్టుంది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"అమ్మగారూ, ఇసకలో సాష్టాంగపడి మొరపెడతా ఉండారా? సంఘం కోసమా?"

"ఊఁ" అన్నా. ఇంకేమంటాను?

నవంబరు 9, ఆదివారం

సాక్ష్యాల వేళ మామూలుగా జ్వరం తగ్గిందనో, మొరాయించిన బోటు ఇంజను స్టార్టయిందనో లేచి చెప్తారు, మేము స్తోత్రం అంటాము. ఈ రోజు ఎలిశబెతమ్మ లేచింది. ఆమె లేచిందంటే ఎవురికో మూడిందని అర్థం. కొంగు నెత్తి మీదికి లాక్కున్నా.

"అయ్యగారికీ సంఘానికీ వందనాలు. మన అమ్మగారు తెల్లారకముందే సముద్రం ఒడ్డున నేలకి ముఖం పెట్టి, మన బోట్ల కోసం కన్నీళ్ళు కారుస్తా ఉండారు. నా రెండు కళ్ళతో చూసినా. మరి ఆ రోజు చేపలు పడినాయా లేదా, మీరే చెప్పండి!"

"పడినాయి!" అన్నారు మగవాళ్ళు.

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ళు.

ఈయన నా వైపు చూసినాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఈ మనిషి నన్ను అట్టా చూడలే. ఇంటికి రాగానే "నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే ఎవా" అని పేరు పెట్టి పిలిచినాడు.

"రహస్య ప్రార్థన గదండీ" అన్నా. అబద్ధానికి కూడా చర్చి మాటే అక్కరకొచ్చింది.

నవంబరు 12

రెండో పాఠం. జలతత్వం రుచిలో ఉంటుందంట. రాగి గ్లాసులో నీళ్ళు పెట్టుకొని నాలుక మీద ఒక్క బొట్టు వేసుకోమంది గురుమాత. పక్కనే ఇంత సముద్రం పెట్టుకొని రాగి గ్లాసేంది? దోసిలి పట్టినా, నోరు నింపినా, కళ్ళు మూసుకున్నా. మింగకుండా నాలుక మీదే ఉంచుకొని "రా తల్లీ" అని పిలవాలంట. చేప కడిగిన నీళ్ళకంటే నయంగా ఉంది, అంతకంటే గొప్పగా చెప్పలేను. కాసేపటికి మాత్రం ఉప్పులోనే ఒక తీపి తగిలింది. తగిలిందనే అనుకుంటా ఉండా.

అంతలో వెనక మాటలు. రూఫసూ వాడి పెండ్లాం షారనూ. వాడి ఫైబర్ బోటు అక్కడే ఉంది, నేను చూసుకోలే. షారన్‌కి నెలలు నిండొస్తా ఉండాయి, అయినా రోజూ మొగుణ్ణి సాగనంపడానికి ఒడ్డుకి వస్తుంది.

"అమ్మగారు ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నారేందే?" అన్నాడు వాడు.

"బోటుని ఆశీర్వదిస్తా ఉండారు. నువ్వు నోరు ముయ్యి" అంది ఆ పిల్ల.

ఉలిక్కిపడి నోట్లోవి ఉమ్మేసినా. పోయి పోయి బోటు మీద పడినాయి. రూఫస్ తలగుడ్డ తీసి, కళ్ళు మూసుకొని "స్తోత్రం అమ్మగారూ" అన్నాడు.

నవంబరు 13

రూఫస్ వల నిండా వంజరాలంట. ఉమ్మి మహిమ.

నవంబరు 16, ఆదివారం

షారన్ సాక్ష్యం చెప్పింది. ఉమ్మినానని కాదు, "నోటితో ముద్రించినారు" అని చెప్పింది. మధ్యాహ్నానికి మా వంటింట్లో కాలు పెట్టే సందు లేదు, అన్నీ చేపలే. వంజరం ముక్క పులుసు పెడితే ఈయన మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఈయన ప్రసంగం గురించి రాయాల. "దేవుణ్ణి చెవులతో వింటే చాలదు! వాసన చూడాల! నాలుక మీద పెట్టుకోవాల! మీ అయిదు ఇంద్రియాలు నిద్రపోతా ఉండాయా?" అని అరిచినాడు. బుధవారం అన్నం తింటా నేను అన్న మాటలవి. నాకు చెప్పింది గురుమాత. వనజాక్షి గురుమాత మాటకి మా సంఘమంతా చేతులెత్తి ఆమెన్ అంటా ఉంటే, నవ్వు ఆపుకోలేక పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నా. అది కూడా కన్నీళ్ళే అనుకున్నారు.

నవంబరు 20

మూడోది అగ్ని. చూపు. రెప్ప వెయ్యకుండా కొవ్వొత్తి వెలుగునే చూడాల. చూస్తా చూస్తా పొయ్యి మీద పులుసు మాడ్చినా. వేరే రోజయితే ఈయన ఊరంతా వినేట్టు అరిచేవాడు. ఈ రోజు మాడు పులుసే కలుపుకొని "ప్రార్థనలో ఉండావా? ఉండు, ఉండు" అన్నాడు. బో బాగుంది ఈ కాపురం.

వీధిలో పోతా ఉంటే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుంటా ఉండారు. ఎలిశబెతమ్మ కుర్చీ వేసింది నాకు. ఎలిశబెతమ్మ!

నాకేదో శక్తి వచ్చిందని నేనేమీ అనుకోవడం లేదు. అనుకోవడం లేదు.

నవంబరు 24, సోమవారం

వాయుతత్వం స్పర్శలో ఉంటుంది. చేతులు బారజాపి నిలబడి, గాలి ఏ వేలిని ముందు తాకిందో, ఎక్కడ చల్లగా ఉందో, ఎక్కడ బరువుగా ఉందో చూసుకోవాల. పొద్దున్నే నేను అట్టా నిలబడి ఉంటే బోట్లోళ్ళు చుట్టూ చేరినారు. తలగుడ్డలు తీసినారు. చివరికి రూఫస్ అడిగినాడు.

"అమ్మగారూ, గాలి ఎట్టుంది? వాయుగుండం ఉంది, వేటకి పోవద్దని ఫోన్లకి మెసేజీలొచ్చినాయి."

నాకేం తెలుసు నాయనా, పుట్టి బుద్ధెరిగి బోటెక్కినదాన్ని కాదు అనాల్సింది. చెయ్యి మీద గాలి మెత్తగా ఉంది. "మంచిదే, పోండి" అన్నా. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట.

పోయినారు. సముద్రం పాలకుండలా ఉంది రోజంతా. అందరూ నిండుగా వచ్చినారు.

నవంబరు 27

మళ్ళీ మెసేజి. మళ్ళీ నన్నడిగినారు. మళ్ళీ మంచిదే అన్నా. మళ్ళీ చుక్క వాన లేదు. ఫోను తప్పయింది, నేను ఒప్పయినా.

గురుమాతకి జరిగింది చెప్పినా, పేర్లు చెప్పలే. "మీలో వాయుతత్వం మేల్కొంది తల్లీ" అని వాయిస్ పంపింది. పప్పు ఉడికేలోపల దాన్ని ఎన్నిసార్లు విన్నానో.

నవంబరు 29

కావలిలో పెద్ద కూడిక పెడతా ఉండారు, వచ్చే నెల పదమూడో తేదీ సాయంత్రం. నన్ను మాట్లాడమన్నారు. ఈయన్ని కాదు, నన్ను! తెల్ల చీర కొనాల.

షారన్‌కి ఆయాసంగా ఉంది. కాన్పయిందాకా మొగుడు ఒడ్డునే ఉంటే బాగుండు అంటుంది. వాడికేమో ఇంట్లో కాలు నిలవదు.

డిసెంబరు 2, మంగళవారం

పొద్దున్నుంచి మెసేజీలే. ముసలోళ్ళు బోట్లు పైకి లాగించేసినారు. నా మీద నమ్మకం లేక కాదంట, మోకాళ్ళు నొప్పులుగా ఉండాయంట. ఆకాశం చూస్తే ఎండగానే ఉంది. రూఫస్ ఒక్కడే వచ్చినాడు, వెనకే షారన్.

"ఒక్క వల వేసి వచ్చేస్తానమ్మగారూ. మీరు సరే అంటేనే."

నేను అప్పటికే మండిపోతా ఉండా. కావలి కూడికలో నా పక్కన తాను కూర్చోవాలని ఎలిశబెతమ్మ పొద్దున్నే మా వాకిట్లో పంచాయితీ పెట్టింది. ఆ కోపంతోనే చేతులు బారజాపినా. ఏమీ తెలీలే. గాలి తగిలింది, అందరికీ తగిలినట్టే నాకూ తగిలింది. కళ్ళు మూసుకుని ఇంకాసేపు నిలబడినా. ఏమీ లేదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఎలిశబెతమ్మ, నడుం మీద చెయ్యేసుకొని, ఈసారి ఏం చెప్తావో చూస్తా అన్నట్టు.

నాకు తెలీదు అనే మాట నోటి దాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేసినా.

"పో నాయనా. గాలి మంచిదే."

షారన్ నా రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది.

మంచిదే అయి ఉంటుంది. పోయిన రెండుసార్లూ మంచిదే గదా.

అదే రోజు, అన్నాలయినాక

గాలి తిరిగింది.

డిసెంబరు 3

రాయాల. అంతా రాయాల.

నిన్న మధ్యాహ్నానికి ఈశాన్యం నల్లబడింది. చూస్తా ఉండగానే అలలు కొబ్బరి మట్టల్ని ఎత్తి రోడ్డు మీదికి విసిరినాయి. నేను ఒడ్డుకి పరిగెత్తేసరికి ఊరంతా అక్కడే ఉంది. మగవాళ్ళు ఫోన్లు చేస్తా ఉండారు, రూఫస్ ఫోను పలకదు. ఇంకో బోటు వేసుకొని పోదామంటే అల దాటే దారి లేదు. షారన్ వానలో ఇసక మీద చతికిలబడి ఉంది. లేవమంటే లేవదు. నన్ను చూసి ఆ పిల్ల ముఖం వెలిగింది. అది చూసినాక ఈ జన్మలో నాకు నిద్ర పట్టదు.

"అమ్మగారొచ్చినారు! ప్రార్థన చెయ్యండమ్మా!"

అందరూ జరిగి నాకు చోటిచ్చినారు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి కిందికి వంచినారు. "ఇసక కాడ ముఖం పెట్టండమ్మా." ఎలిశబెతమ్మ అలలోకి నడుముల్లోతు దిగి చెంబుతో సముద్రం నీళ్ళు తెచ్చింది, నా పెదాలకి ఆనించింది. "ముద్రించండమ్మగారూ. చేతులు చాపండి. గాలితో చెప్పండి, మీ మాట వింటుంది." ఆ మనిషి ఏడస్తా ఉంది. ఎలిశబెతమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలే.

నేను నోరు తెరవలే. చెంబు పక్కకి నెట్టేసినా. ముక్కు నిండా చీమిడి, నోట్లో ఇసక, కళ్ళల్లో వాన. ఏ తత్వమూ లేదు, ఏ సాధనా లేదు. తల మోకాళ్ళలో పెట్టుకొని కూర్చున్నా. లోపల ఒకటే మాట. వాణ్ణి తీసుకురా. నేను అబద్ధం చెప్పినా. నా మాట నమ్మి పోయినాడు. నన్నేమన్నా చెయ్యి, వాణ్ణి తీసుకురా. తీసుకురా. తీసుకురా. ఎవరితో అంటా ఉండానో కూడా చూసుకోలే. వణుకు లేదు, దర్శనం లేదు, ఎవరూ వింటా ఉన్నట్టు కూడా లేదు. అయినా అంటానే ఉండా.

చుట్టూ ఆడవాళ్ళు "చెయ్యండమ్మా, చెయ్యండమ్మా" అని బతిమాలి బతిమాలి అలిసిపోయినారు. కొంతమంది విసుక్కున్నారు. "ఈ అమ్మేంది, సమయానికి ఇట్టా బిగుసుకుపోయింది" అని ఎవరో అన్నారు.

దీపాలు పెట్టే వేళకి దక్షిణం వైపు నుంచి కేకలు. ఇంజను తడిసి ఆగిపోతే అలలే వాణ్ణి ఆ చివర ఒడ్డున పడేసినాయి. వల కోసి వదిలేసినాడు, లేకపోతే బోటు మునిగేదంట. పట్టిన చేపలు సముద్రంలోనే పోయినాయి. అరచెయ్యి తాడుకి కోసుకుపోయి ఎముక కనిపిస్తా ఉంది. నడిచే వచ్చినాడు.

షారన్ వాణ్ణి పట్టుకొని గుండెల మీద గుద్దింది. నేను లేవలేకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కినాయి.

డిసెంబరు 4

షారన్ ఇంటికి పోయి చెప్పేసినా. "ఆ రోజు నాకు గాలి గురించి ఏమీ తెలీలేదే. ఊరికే పొమ్మన్నా. నీ మొగుడు చావాల్సింది నా నోటి వల్లే."

ఆ పిల్ల నా గడ్డం పట్టుకుంది. "అట్టా మీ మీద వేసుకోమాకండమ్మగారూ. మీరు పొమ్మన్నారు గాబట్టే తిరిగొచ్చినాడు. వేరేవాళ్ళు చెప్పుంటే శవం వచ్చేది."



డిసెంబరు 5

ఈయన కూడిక పనుల మీద పోయి ఈ నాలుగు రోజులూ కావలిలోనే ఉండి ఈ రోజు వచ్చినాడు. కూర్చోబెట్టి అంతా చెప్పినా. గురుమాత, పంచభూతాలు, ముక్కు, నాలుక, కొవ్వొత్తి, గాలి, ఏదీ దాచలే. ఫోను చేతిలో పెట్టి "వినండి" అన్నా. అరుస్తాడనుకున్నా. అరిస్తే బాగుండు అనుకున్నా.

ఫోను బోర్లించి బల్ల మీద పెట్టినాడు. "ఎవా, నువ్వు శోధనలో ఉండావు. నీ ప్రార్థన నీకే అబద్ధంలా కనిపించేట్టు చేస్తా ఉండాడు సాతాను."

"కాదండీ. కోర్సు. నిజంగా కోర్సు. మంత్రాల కోర్సు."

బోర్లించిన ఫోన్ని వేలితో ఇంకాస్త అవతలికి జరిపినాడు. అప్పుడు అర్థమయింది నాకు, ఈయన నమ్మినాడు. ప్రతి మాటా నమ్మినాడు.

"పదమూడో తేదీ బ్యానర్లు కట్టేసినారు" అన్నాడు. "నీ ఫోటో నాకంటే పెద్దది వేసినారు."

లేచి స్నానానికి పోయినాడు.

డిసెంబరు 6

అయిదో పాఠం వచ్చింది. ఆకాశం, శబ్దం. వినలే. గురుమాతని ఫోన్లోంచి తీసేసినా.

డిసెంబరు 7, ఆదివారం

సాక్ష్యాల వేళ నేనే లేద్దామనుకున్నా. ఈయన ఏమయినా కానీ, సంఘం ముందు చెప్పేస్తా అనుకొని కొంగు సర్దుకున్నా. నాకంటే ముందు షారన్ లేచింది, బెంచీ పట్టుకొని కష్టం మీద.

"అయ్యగారికీ సంఘానికీ వందనాలు. నా మొగుణ్ణి దేవుడు ప్రాణాలతో తెచ్చినాడు, స్తోత్రం. కానీ ఒక మాట మనసులో పెట్టుకోలేకుండా ఉండా. ఆ రోజు అమ్మగారు ప్రార్థన చెయ్యలే. మేమెంత బతిమాలినా ఇసక మీద ముఖం పెట్టలే, నీళ్ళు ముట్టలే, చేతులు చాపలే. తల వంచుకొని ఊరికే ఏడస్తా కూర్చున్నారు. అందుకే వల పోయింది, చేపలు పోయినాయి, మా ఆయన చెయ్యి పోయింది. నేను నిందలు వెయ్యడం లేదు. అమ్మగారి శక్తి తగ్గింది, మనమందరం ఆమె కోసం ప్రార్థించాల."

"ఆమెన్" అన్నారు అందరూ. ఎంత జాలిగా అన్నారో.

జన్మలో ఒక్కసారి ప్రార్థన చేసినా. అది చెయ్యలేదని సంఘమంతా సాక్ష్యం చెప్పింది.

చెప్పడానికి నోరు తెరిచినా. "అమ్మగారూ, మాట్లాడమాకండి, నీరసంగా ఉండారు" అని ఎలిశబెతమ్మ నన్ను నడిపించుకొని పోయి ముందర మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. పెద్దలొచ్చినారు, ఆడవాళ్ళొచ్చినారు, నా నెత్తిన చేతులుంచినారు. ఈయన కూడా వచ్చినాడు. ఆయన వేళ్ళు చల్లగా ఉండాయి, పట్టీపట్టనట్టు ఉండాయి. "ప్రభువా, ఈమెకి పోయిన ప్రార్థనా శక్తిని తిరిగి దయచెయ్యి, పదమూడో తేదీ లోపల" అని ఎలిశబెతమ్మ గట్టిగా ప్రార్థించింది.

చివర్లో రూఫస్ వచ్చినాడు. కట్టు కట్టిన చెయ్యి, మందు వాసన కొడతా, అందరి చేతుల మీద నుంచి నా నెత్తిన పెట్టినాడు. నొప్పిగా ఉన్నట్టుంది, వేళ్ళు వణికినాయి. నా వల్ల చావబోయినోడు నా కోసం కళ్ళు మూసుకొని నిలబడినాడు. నేను గట్టిగా ఏడ్చినా, దాచుకోకుండా, కొంగు లేకుండా.

"వచ్చింది! శక్తి తిరిగొచ్చింది!" అని ఎలిశబెతమ్మ చప్పట్లు కొట్టింది. స్తోత్రం, స్తోత్రం అని మందిరమంతా మోగింది. ఒక్కొక్కరే చేతులు తీసేసి ఎవరి చోటికి వాళ్ళు పోతా ఉండారు. తియ్యమాక నాయనా, నువ్వొక్కడివన్నా ఇంకాసేపు ఉండు అని రూఫస్ చెయ్యి పట్టుకున్నా.